పద్నాలుగేళ్లకు కప్పు, పదిహేడేళ్లకు ఖాళీ మైదానం: బాలికల ఫుట్‌బాల్ నిర్వాహకులకు బహిరంగ లేఖ

వీరికి: రెండు తెలుగు రాష్ట్రాల్లో బాలికల ఫుట్‌బాల్ పోటీలు నడిపే అధికారులు, సెలక్షన్ కమిటీల సభ్యులు, గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు, జిల్లా పరిషత్ పాఠశాలల ప్రధానోపాధ్యాయులు

విషయం: అండర్-14, అండర్-17 బాలికల పోటీల విధానం మార్చాలని విజ్ఞప్తి

అయ్యా, అమ్మా,

బాలికలకు ఫుట్‌బాల్ నేర్పే పీఈటీలం (వ్యాయామ ఉపాధ్యాయులం), కోచ్‌లం, మ్యాచ్‌లు నడిపే రిఫరీలం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఇవే విషయాలతో గత విద్యా సంవత్సరంలో వినతిపత్రం ఇచ్చాం. అందినట్టు ముద్ర వేశారు గానీ జవాబు రాలేదు. ఈసారి పోటీలు కూడా పాత పద్ధతిలోనే జరగబోతున్నాయి కాబట్టి తల్లిదండ్రుల ముందూ, ఆట తెలిసిన అందరి ముందూ మా మాట పెడుతున్నాం. మైదానం దొరకడం ఎంత కష్టమో, నిధులు ఎంత ఆలస్యంగా వస్తాయో మాకూ తెలుసు. ఆ ఇబ్బందులు లెక్కలో పెట్టుకునే కింది సూచనలు చేశాం.

మేం కోరేది ఇది. పన్నెండు, పదమూడేళ్ల పిల్లల మ్యాచ్ ఫలితంతో పీఈటీ పనితనాన్నీ, పిల్ల భవిష్యత్తునూ తూచడం ఆపండి. గెలుపు మీద పట్టుదలకు మేం వ్యతిరేకులం కాదు. గెలవాలన్న కసి లేని జట్టు శిక్షణ కూడా సరిగా చేయదు. అయితే పన్నెండేళ్లప్పుడు గెలుపు కోసం చేసే పనులూ, పదిహేడేళ్లకు మంచి క్రీడాకారిణిని తయారుచేసే పనులూ చాలాచోట్ల ఒకదానికొకటి అడ్డుపడతాయి. అలా అడ్డుపడిన ప్రతిసారీ ప్రస్తుత విధానం కప్పు వైపే మొగ్గుతోంది.

అండర్-14లో గెలవడానికి అందరికీ తెలిసిన దగ్గరి దారి ఒకటుంది. పొడవుగా, వేగంగా ఉండే ఒక అమ్మాయిని ముందు నిలబెట్టి, వెనక నుంచి బంతిని గాల్లో కొట్టించడం. ఆ వయసులో ఇది పనిచేస్తుంది. ఆడపిల్లల్లో ఎదుగుదల సగటున పన్నెండేళ్ల ప్రాంతంలో ఒక్కసారిగా ఊపందుకుంటుంది, కొందరిలో ముందే, కొందరిలో ఆలస్యంగా. అందుకే ఒకే జట్టులో ఒకే వయసు పిల్లలు భుజం ఎత్తున ఒకరు, తల ఎత్తున ఒకరు కనిపిస్తారు. పదహారేళ్లకు మిగతావాళ్లు ఆమెను అందుకుంటారు. అప్పటికి ఆమెకు ఎడమకాలు అలవాటు కాలేదు, డిఫెండర్ వీపు మీద ఉండగా బంతి ఆపుకోవడం రాదు. వెనక ఉన్న పిల్లలకు బంతిని దూరంగా తన్నేయడం తప్ప ఇంకోటి నేర్పలేదు. బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఎప్పుడో మానేశారు. అండర్-17కి జట్టు కట్టాల్సి వచ్చేసరికి పదకొండు మంది దొరకక, కబడ్డీ జట్టు నుంచీ, అథ్లెటిక్స్ నుంచీ పిల్లల్ని తెచ్చి పదిహేను రోజుల శిబిరం పెట్టి పంపుతున్నాం.

మన పిల్లలకు శక్తి లేదని ఎవరూ అనలేరు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతోంది, క్రొయేషియాలో డినామో జాగ్రెబ్ క్లబ్‌కు ఆడింది, 2024-25 సీజన్‌కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ పురస్కారం అందుకుంది. 2025 జులైలో భారత మహిళల జట్టు థాయిలాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించింది. ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోవాలి. 2022 అక్టోబరులో మన దేశంలోనే జరిగిన అండర్-17 ప్రపంచ కప్‌లో మన బాలికలు అమెరికా చేతిలో 0-8, మొరాకో చేతిలో 0-3, బ్రెజిల్ చేతిలో 0-5తో ఓడారు. మూడు మ్యాచ్‌ల్లో 16 గోల్స్ ఇచ్చి ఒక్కటీ కొట్టలేకపోయారు. ఆ పిల్లల కష్టంలో లోపం లేదు. ఎంత మంచి శిబిరమైనా ఎదిగే వయసంతా వారం వారం మ్యాచ్‌లు ఆడిన అనుభవాన్ని ఇవ్వలేదు. ఆ మ్యాచ్‌లు మొదలవ్వాల్సింది మండలంలో, జిల్లాలో, అంటే మీ చేతిలో ఉన్న చోటే.

1. నాకౌట్ పద్ధతి

ఎనిమిది జట్లతో నాకౌట్ పెడితే మొత్తం ఏడు మ్యాచ్‌లు. అందులో నాలుగు జట్లు ఒక్క మ్యాచ్ ఆడి ఇంటికి పోతాయి. నెలల తరబడి సాధన చేసి, తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన పిల్లకు దక్కేది ఒక్క మ్యాచ్. బెంచీ మీదున్న పిల్లకు అదీ లేదు. ఓడితే అంతే అన్న భయంతో కోచ్ బలహీనంగా ఉన్న పిల్లను దించడు. దించడం లేదని అతన్ని తప్పుపట్టలేం, పద్ధతే అలా నడిపిస్తోంది.

అవే ఎనిమిది జట్లను నాలుగేసి చొప్పున రెండు గ్రూపులు చేయండి. మూడు రోజుల్లో ప్రతి జట్టూ గ్రూపులో మూడు మ్యాచ్‌లు ఆడుతుంది. నాలుగో రోజు రెండు గ్రూపుల మొదటి స్థానాల వాళ్లకు ఫైనల్, రెండో స్థానాల వాళ్లకు మూడో స్థానం కోసం మ్యాచ్, మూడో స్థానాల వాళ్లకు, నాలుగో స్థానాల వాళ్లకు కూడా ఒక్కో మ్యాచ్. మొత్తం 16 మ్యాచ్‌లు, ప్రతి జట్టుకూ నాలుగు. రోజుకు నాలుగు మ్యాచ్‌లే కాబట్టి రెండు చిన్న మైదానాల్లో ఉదయం 6.30కి రెండు, 7.45కి రెండు పెడితే ఎండ ముదిరేలోపు, తొమ్మిదిన్నరలోపే అయిపోతాయి. ఏ జట్టూ ఒకే రోజు రెండు మ్యాచ్‌లు ఆడాల్సిన పని ఉండదు. ఇప్పుడు ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి ఆడించడం మామూలైపోయింది. కండరాలు పట్టేయడం, వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం ఎక్కువగా రెండో మ్యాచ్‌లోనే చూస్తున్నాం.

గోల్స్ తేడాను పాయింట్ల పట్టికలో అయిదు వరకే లెక్కించండి. 14-0 అయినా 5-0గానే రాయండి. పట్టిక కోసం ఓడుతున్న జట్టును ఇంకా బాదాల్సిన అవసరం గెలిచే జట్టుకు ఉండదు. అయిదు గోల్స్ తేడా వచ్చాక వెనకబడిన జట్టు అదనంగా ఒక అమ్మాయిని దించుకునే వీలు కూడా ఇస్తే, ఆ మిగిలిన సమయం రెండు జట్లకూ పనికొస్తుంది.

దీని వల్ల పోటీతత్వం చచ్చిపోతుందని కొందరు పెద్దలు అంటారు. నార్వేలో పిల్లల క్రీడల నియమాలు 1987 నుంచీ ఉన్నాయి. అక్కడ పదకొండేళ్ల లోపు పిల్లల పోటీలకు పాయింట్ల పట్టికలే ప్రచురించరు. అదే నార్వే మహిళలు 1995లో ప్రపంచ కప్, 2000లో ఒలింపిక్ స్వర్ణం గెలిచారు.

2. ఆడించిన సమయం

మా కోరికల్లో ముఖ్యమైనది ఇదే. అండర్-14 బాలికలకు జిల్లా స్థాయి వరకు తొమ్మిది మంది ఆట పెట్టండి. జట్టులో 16 మంది. మ్యాచ్ 48 నిమిషాలు, 12 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. ప్రతి అమ్మాయీ కనీసం రెండు భాగాలు పూర్తిగా ఆడి తీరాలి.

లెక్క చూడండి. తొమ్మిది మంది, నాలుగు భాగాలు, అంటే 36 చోట్లు. పదహారు మందికి రెండేసి ఇస్తే 32 పోతాయి. మిగిలిన నాలుగూ కోచ్ చేతిలో ఉంటాయి. బాగా ఆడే నలుగురిని మూడో భాగం కూడా ఆడించుకోవచ్చు, ఎవరిని ఎప్పుడు దించాలన్న ఎత్తుగడ అతనిదే. గెలుపు కోసం బుర్ర పెట్టడానికి కావలసినంత చోటుంది. పైగా పదహారో అమ్మాయి కూడా సగం మ్యాచ్ ఆడుతుందని ముందే తెలిస్తే కోచ్ ఆమెకు నేర్పక తప్పదు. ఇప్పుడు ఏడుగురు మంచి పిల్లలుంటే జట్టు నడిచిపోతోంది. ఈ నియమం వస్తే పదహారో అమ్మాయి ఎవరిది మెరుగ్గా ఉంటే ఆ జట్టు గెలుస్తుంది.

అమలు కష్టం కాదు. స్కోరు రాసే టేబుల్ దగ్గర ఒక కాగితం, పదహారు పేర్లు, నాలుగు గడులు, భాగం మొదలైనప్పుడల్లా టిక్కులు. రెండు టిక్కులు పడని పేరుంటే ఆ జట్టుకు ఆ మ్యాచ్ పాయింట్లు రావు. "ఆమెకు కాలు నొప్పి" అన్న సాకు తప్పకుండా వస్తుంది. అందుకు మందు కూడా రాస్తున్నాం: నొప్పి అని చెప్పిన అమ్మాయి మర్నాటి మ్యాచ్ కూడా ఆడకూడదు. నిజంగా దెబ్బ తగిలితే ఆ విశ్రాంతి ఆమెకు అవసరమే, సాకైతే కోచ్ రెండోసారి చెప్పడు.

అండర్-17కి ఇంత బిగింపు అక్కర్లేదు. పదకొండు మంది ఆట, 18 మంది జట్టు. లీగ్ దశలో ప్రతి అమ్మాయికీ కనీసం 20 నిమిషాలు, సెమీఫైనల్ నుంచి ఏ నియమమూ వద్దు. అక్కడ గెలవడానికే ఆడనివ్వండి. ఒత్తిడిలో పెనాల్టీ కొట్టడం, ఒక గోల్ ఆధిక్యంతో చివరి పది నిమిషాలు ఆటను చేతిలో పెట్టుకోవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యలే, వాటికి తగిన వయసు అది.

పిల్లల ఆటలో మ్యాచ్ సమయం, మైదానం కొలతలు, బంతి సైజు, బయటికొచ్చిన పిల్లను మళ్లీ దించడం వంటివి జాతీయ సంఘం అనుమతితో మార్చుకోవచ్చని ఆట నియమావళే చెబుతోంది. నియమాలు ఒప్పుకోవన్న అభ్యంతరానికి తావు లేదు.

3. మైదానం, గోల్, బంతి

పెద్దల గోల్ 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. 145 సెంటీమీటర్ల గోల్‌కీపర్ చేతులెత్తినా క్రాస్‌బార్‌కు చాలా కిందే ఆగిపోతాయి. దూరం నుంచి పైకి లేపిన ప్రతి బంతీ గోలే. ఆ గోల్ పడ్డాక గోల్‌కీపర్ ఏడుస్తుంది, మర్నాడు ఆ చోటుకు ఎవరూ ముందుకు రారు. పాస్‌లతో ఆడిన జట్టు కంటే లేపి కొట్టిన జట్టే గెలుస్తుంది కాబట్టి అందరూ అదే నేర్చుకుంటారు.

100 × 64 మీటర్ల మైదానాన్ని అడ్డంగా విడదీస్తే 64 × 46 మీటర్ల మైదానాలు రెండు వస్తాయి, మధ్యలో ఎనిమిది మీటర్ల ఖాళీ కూడా మిగులుతుంది. తొమ్మిది మంది ఆటకు అది సరిపోతుంది. గోల్స్ 5 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తున జీఐ పైపులతో ఊళ్లో వెల్డింగ్ షాపులోనే చేయించొచ్చు. వెనక అడుగు పైపు మీద ఇసుక బస్తాలు వేసి కట్టడం మాత్రం మరవకూడదు. కట్టని గోల్ పిల్లల మీద పడితే ప్రాణానికే ముప్పు. గీతలకు సున్నం వద్దు, కంట్లో పడినా గీరుకున్న చోట తగిలినా మండి పుండవుతుంది. ముగ్గు పిండి చాలు.

బంతి పన్నెండేళ్ల లోపు వాళ్లకు నాలుగో నంబరు, ఆ పైన ఐదో నంబరు. బడికి రెండే బంతులుంటే పదహారు మంది పిల్లలు సాధన సమయంలో ఎక్కువ భాగం వరసలో నిలబడి గడుపుతారు. జట్టుకు కనీసం ఎనిమిది బంతులు, ఇద్దరికి ఒకటి చొప్పున ఇవ్వండి. శాలువాలకూ, ఫ్లెక్సీలకూ, వేదికకూ అయ్యే ఖర్చులో కొంత ఇటు మళ్లిస్తే చాలు.

హెడింగ్, అంటే బంతిని తలతో కొట్టడం గురించి ఒక మాట. అమెరికా సమాఖ్య పదేళ్లు, ఆ లోపు పిల్లలకు హెడింగ్ నిషేధించింది. మన చోట గట్టి నేల, గాలి ఎక్కువ కొట్టిన బంతి, పైగా పదేపదే హెడింగ్ సాధన. అండర్-12 పోటీల్లో హెడింగ్ ఆపండి. ఏ వయసులోనైనా తలకు దెబ్బ తగిలి తలనొప్పి, మసక, వాంతి ఉంటే, స్పృహ తప్పకపోయినా ఆ పిల్ల ఆ రోజు మళ్లీ మైదానంలోకి దిగకూడదు. ఆ నిర్ణయం రిఫరీది కావాలి, కోచ్‌ది కాదు.

4. సెలక్షన్స్

ఒక్క రోజు, ఒక్క మైదానం, పదకొండేసి మంది, ఒక్కో పిల్లకు పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో కొందరికి బంతి మూడు సార్లు కూడా తగలదు. చూసేవాళ్లకు కనిపించేది ఎత్తు, వేగం మాత్రమే. ఎంపికైన వాళ్ల పేర్లు వస్తాయి, ఎందుకు ఎంపికయ్యారో రాదు. తిరస్కరించిన పిల్లకు ఏం మెరుగుపరచుకోవాలో ఎవరూ చెప్పరు. ఊరి నుంచి కూలి మానుకుని తోడు వచ్చిన తండ్రి "డబ్బులిచ్చిన వాళ్లకే చోటంట" అనుకుంటూ తిరిగి వెళ్తాడు. నిజమైనా కాకపోయినా ఆ మాట ఊరంతా పాకుతుంది. మరుసటేడు ఆ ఊరి నుంచి పిల్లలు రారు.

రెండు రోజులు పెట్టండి. 30 × 20 మీటర్ల చిన్న మైదానాలు గీసి, నలుగురేసి జట్లుగా ఎనిమిది నిమిషాల ఆటలు ఆడించండి. ప్రతి ఆటకూ జట్లు మార్చండి, ప్రతి పిల్లా కనీసం ఆరు ఆటలు ఆడాలి. నలుగురి ఆటలో ఎవరూ దాక్కోలేరు, బంతి అందరికీ వస్తుంది. ముగ్గురు సెలక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడకుండా మార్కులు వేయాలి. చూడాల్సినవి: బంతి అందకముందే తల తిప్పి చుట్టూ చూస్తోందా, రెండు కాళ్లూ వాడుతోందా, బంతి పోగొట్టుకున్న వెంటనే ఏం చేస్తోంది, సాటి పిల్ల తప్పు చేస్తే ఎలా స్పందిస్తోంది. ఎత్తుకు మార్కులు వద్దు. మొత్తం మార్కులు నోటీసు బోర్డులో అంటించండి.

ఇంకో పక్షపాతం ఎవరి తప్పూ లేకుండానే జరుగుతుంది. వయసు లెక్కకు జనవరి 1 గీత అయినప్పుడు జనవరిలో పుట్టిన పిల్ల డిసెంబరులో పుట్టిన పిల్ల కంటే దాదాపు ఏడాది పెద్దది. పన్నెండేళ్లప్పుడు ఏడాది అంటే చాలా ఎక్కువ. ఎంపిక జాబితా పూర్తయ్యాక పుట్టిన నెలలు ఒకసారి లెక్కపెట్టి చూడండి. మొదటి మూడు నెలల వాళ్లే నిండిపోతే, చివరి ఆరు నెలల్లో పుట్టిన వాళ్ల నుంచి కనీసం నలుగురిని మళ్లీ పిలిచి చూడండి.

5. వయసు మోసం

అండర్-14లో పదహారేళ్ల అమ్మాయి ఆడుతోందని మైదానంలో ఉన్న అందరికీ తెలుస్తుంది, ఎవరూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయరు. చేసినా కాగితాలు సరిగ్గానే ఉంటాయి. పోటీకి కొద్ది రోజుల ముందు తీసిన ధ్రువపత్రం కాకుండా, ఒకటో తరగతి అడ్మిషన్ రిజిస్టరు నకలునూ, పుట్టిన ఏడాదిలోపు నమోదైన జనన ధ్రువపత్రాన్నీ అడగండి. తేడా తేలితే పిల్లను నిషేధించి పెద్దవాళ్లను వదిలేయకండి. ఆ కాగితం పెట్టించిన వాళ్ల మీదే చర్య ఉండాలి. ఆ పిల్లను ఆమె అసలు వయసు విభాగంలో ఆడనివ్వాలి.

6. మోకాళ్లు

ఫుట్‌బాల్‌లో మోకాలి ఏసీఎల్ లిగమెంట్ (కీలు జారకుండా లోపల పట్టి ఉంచే పట్టీ) తెగే ప్రమాదం అబ్బాయిల కంటే అమ్మాయిలకు రెండు, మూడు రెట్లు ఎక్కువ. ఎక్కువసార్లు ఎవరూ తాకకుండానే తెగుతుంది. దూకి దిగేటప్పుడో, పరుగులో ఒక్కసారిగా దిశ మార్చేటప్పుడో మోకాలు లోపలికి వంగిపోతుంది. తెగితే ఆపరేషన్, తర్వాత కనీసం తొమ్మిది నెలలు ఆటకు దూరం. కూలి చేసుకునే ఇంట్లో ఆపరేషన్ మాట వచ్చిన రోజే ఆట ముగుస్తుంది. చాలామంది పిల్లలు ఆపరేషన్ లేకుండానే జారే మోకాలితో పెళ్లయి, పొలం పనిలో జీవితాంతం ఇబ్బంది పడతారు.

దీన్ని చాలావరకు ఆపే సాధన ఉంది, ఖర్చు లేదు. ఫిఫా 11+ అనే వార్మప్‌లో 15 వ్యాయామాలు, 20 నిమిషాలు: ఎనిమిది నిమిషాలు నెమ్మది పరుగులు, పది నిమిషాలు బలం, గెంతులు, బ్యాలెన్స్, రెండు నిమిషాలు వేగపు పరుగులు. వారానికి కనీసం రెండుసార్లు చేయాలి. మైదానం చుట్టూ రెండు రౌండ్లు తిరిగి నిలబడి కాళ్లు సాగదీయడం దీనికి బదులు కాదు. చేసేటప్పుడు కోచ్ చూడాల్సింది ఒకటే: గెంతి దిగినప్పుడు మోకాలు పాదం వేళ్ల వైపే ఉండాలి, రెండు మోకాళ్లూ దగ్గరికి రాకూడదు. సంఖ్య కోసం హడావిడిగా చేయించేచోట ఫలితం రావడం లేదు. మ్యాచ్ షెడ్యూల్లో ఈ 20 నిమిషాలకు చోటు పెట్టండి. ముందు మ్యాచ్ ఆలస్యమైందని వార్మప్ లేకుండా పిల్లల్ని దించమని టేబుల్ నుంచి మైకులో పిలవొద్దు.

బూట్ల సంగతి. ఎర్రమట్టి గట్టి నేల మీద పొడవు స్టడ్స్ (బూటు అడుగున పట్టు కోసం ఉండే మొనలు) ఉన్నవి వేస్తే మడమ నొప్పీ, చీలమండ మెలికా తప్పవు. ఇలాంటి నేలకు పొట్టి రబ్బరు స్టడ్స్ ఉన్నవే కొనాలి. టెండర్లో ఒకే రకం, ఒకే రెండు సైజులు తెప్పించి పంచడం ఆపండి.

7. రక్తం, తిండి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత. మన జట్లు వేరే లోకం నుంచి రావు. మ్యాచ్ రెండో సగంలో ఆగిపోయే పిల్లను "బద్ధకం" అని తిట్టే ముందు ఆమె హిమోగ్లోబిన్ ఎంతో చూడాలి. పన్నెండేళ్లు దాటిన అమ్మాయికి 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి పరీక్ష చేయించండి. వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర బడికి వస్తూనే ఉంది. అది మింగించే బాధ్యత జట్టు వరకు పీఈటీకి అప్పగించండి. అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో తిప్పదు, వెంటనే టీ తాగితే మాత్రం ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర తప్పనిసరి.

హాస్టళ్లలో సాయంత్రం సాధన ముగిశాక భోజనం దాకా గంటా గంటన్నర ఖాళీ కడుపు. ఒక ఉడికించిన గుడ్డు, అరటిపండు లేదా పల్లీ చిక్కీ, గ్లాసు రాగి జావ మైదానం పక్కనే ఇప్పించండి. ప్రిన్సిపాల్ ఒక్క ఆదేశంతో అయ్యే పని ఇది.

8. నెలసరి, ప్రయాణం, భద్రత

తెల్ల నిక్కర్లు మాన్పించండి. 2023 ప్రపంచ కప్‌కు ముందు ఇంగ్లండ్ మహిళల జట్టే ఈ కారణంతో తెల్లవి మానేసి నీలం రంగుకు మారింది. పోటీ జరిగే ప్రతి చోటా మైదానం నుంచి నడిచి వెళ్లే దూరంలో గడియ పడే మరుగుదొడ్డి, నీళ్లు, మూతున్న చెత్తడబ్బా, ప్యాడ్లు ఉండాలి. మరుగుదొడ్డి లేని చోట పిల్లలు పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. ఏప్రిల్ ఎండలో దాని ఫలితం ఏమిటో చెప్పనక్కర్లేదు.

ప్రయాణంలో ఒక మహిళా టీచరు సహా ఇద్దరు పెద్దలు తప్పనిసరి. పిల్లతో కోచ్ ఒంటరిగా గదిలో ఉండటం, మాలిష్ చేయడం, విడిగా ఫోన్ మెసేజ్‌లు పంపడం నిషేధమని రాతపూర్వకంగా ఇవ్వండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పిల్లలందరికీ కంఠస్థం చేయించండి. లైంగిక వేధింపు ఫిర్యాదు వస్తే సంఘంలో పంచాయితీ పెట్టి సర్దడం నేరం. పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఇందులో బేరం లేదు.

9. మ్యాచ్‌లు ఏడాది పొడవునా

పదిహేను కిలోమీటర్ల లోపు ఉన్న ఆరు బడులను ఒక గుంపు చేయండి. రెండు వారాలకో శనివారం ఉదయం ఒకే మైదానంలో మూడు మ్యాచ్‌లు. ప్రతి జట్టూ మిగతా అయిదింటితో రెండేసిసార్లు ఆడితే పది వారాంతాలు, అంటే జులై నుంచి నవంబరు చివరికి పూర్తవుతుంది. ఒక్కో జట్టుకు పది మ్యాచ్‌లు. ఇప్పుడు నాకౌట్‌లో ఒకటీ రెండూ ఆడి ఊరుకుంటున్న పిల్లల సంగతితో పోల్చి చూడండి. జిల్లా జట్టును ఈ లీగ్‌లో చూసి ఎంపిక చేస్తే ఒక్క రోజు సెలక్షన్స్ గొడవ కూడా తగ్గుతుంది. అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ) క్రీడా ప్రాంగణం పిల్లల లీగులు నడిపి చూపింది, పల్లెల్లో ఇది కుదరదనడానికి వీల్లేదు.

వారానికి మూడు సాధనలు, ఒక్కోటి 75 నిమిషాలు సరిపోతాయి: 20 నిమిషాలు 11+ వార్మప్, 15 నిమిషాలు బంతితో రెండు కాళ్ల పని, 15 నిమిషాలు ముగ్గురి మధ్య ఒకరు బంతి లాక్కునే ఆట, మిగిలిన 25 నిమిషాలు అయిదుగురేసి మ్యాచ్. కార్నర్లు, ఫ్రీకిక్‌లు అండర్-14కి వారం మొత్తంలో పది నిమిషాలు దాటనవసరం లేదు. పన్నెండేళ్ల లోపు గోల్‌కీపర్‌ను భాగానికొకరిని మార్చాలి, పద్నాలుగు వచ్చేలోపు ప్రతి అమ్మాయీ మూడు స్థానాల్లోనైనా ఆడి ఉండాలి. కబడ్డీ, ఖోఖో ఆడే పిల్లల్ని ఆ ఆటలు మానమనొద్దు. తప్పించుకునే ఒడుపు అక్కడే వస్తుంది.

10. పీఈటీని దేనితో కొలవాలి

ఇది మారకపోతే పైవేవీ నిలవవు. ఏడాది చివర పీఈటీని "ఎన్ని కప్పులు?" అని అడుగుతున్నంతకాలం వయసు దిద్దిన కాగితాలూ, బెంచీ మీద ఎండే పిల్లలూ ఉంటారు. బదులుగా నాలుగు అంకెలు అడగండి: జూన్‌లో ఎంతమంది అమ్మాయిలు మొదలుపెట్టారు, ఏప్రిల్‌కు ఎంతమంది మిగిలారు, ఒక్కొక్కరు సగటున ఎన్ని నిమిషాలు మ్యాచ్ ఆడారు, రెండేళ్ల కిందటి అండర్-14 జట్టులో ఇప్పుడు ఎంతమంది ఆడుతున్నారు. అండర్-17 ఫలితాన్ని అయిదో అంకెగా చేర్చండి, మాకు అభ్యంతరం లేదు. సీట్లకూ, ఉద్యోగాల కోటాకూ పనికొచ్చే సర్టిఫికెట్‌పై ఆడిన నిమిషాలు కూడా ముద్రించండి. మైదానంలో దిగకుండానే సర్టిఫికెట్ తెచ్చుకునే పేర్లు వాటంతట అవే పోతాయి.

వీటిలో గ్రూపు పద్ధతి, ఆడే సమయం నియమం, గోల్ తేడా పరిమితి, నిక్కర్ల రంగు, వార్మప్ సమయం, మార్కుల ప్రకటన, పీఈటీ కొలమానం, ఈ ఏడింటికీ డబ్బు అక్కర్లేదు. ఒక సర్క్యులర్ చాలు. ఈ ఏడాది మండల పోటీలు మొదలయ్యేలోపు దాన్ని జారీ చేయాలి. బంతులు, చిన్న గోల్స్, రక్తపరీక్షలు, శనివారం లీగ్ ప్రయాణ ఖర్చు వచ్చే బడ్జెట్లో పెట్టాలి. అంతలోపు ప్రతి ఉమ్మడి జిల్లాలో ఒక గుంపు బడులతో లీగ్ ప్రయోగంగా నడపడానికి అనుమతి ఇవ్వండి. రిఫరీలుగా, టేబుల్ దగ్గర రాసేవాళ్లుగా మేం ఉచితంగా పనిచేస్తాం.

ముప్పై రోజుల్లో రాతపూర్వక జవాబు కోరుతున్నాం. కాదనదలిస్తే ఏ అంశం, ఏ కారణంతో కాదంటున్నారో అంశం వారీగా చెప్పండి. అండర్-14 జట్ల తల్లిదండ్రులు కూడా తమ బడి ప్రధానోపాధ్యాయుణ్ణి ఇదే అడగాలని మనవి: మా అమ్మాయి ఈ ఏడాది ఎన్ని నిమిషాలు ఆడింది?

ఇట్లు,
రెండు రాష్ట్రాల బాలికల ఫుట్‌బాల్ పీఈటీలు, కోచ్‌లు, రిఫరీలు